రాకెట్‌ని అడగని మాట

ఫిబ్రవరి 9

టైర్ల షాపువాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ భోజనాల బల్ల ఊగకుండా దాని కాలి కింద పెట్టాను. ఇవాళ బల్లకి ఒక అట్టముక్క ఇచ్చి దీన్ని బయటికి లాగాను. కారణం, అమ్మతో చెప్పకూడని విషయం ఒకటి నా నెత్తిన పడింది. అమ్మ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చేసింది. ఆవిడ చెవిలో పడ్డ మాట అక్కడ ఆగదు. ఎవరికి కలపాలో వాళ్ళకి కలిపేస్తుంది.

విషయం రాకెట్ గురించి.

నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకి నేను మనసులో పేర్లు పెట్టుకుంటాను. హారన్ తాతయ్య, కుడంటే ఎడమ, గేర్లో దేవుడు. రాకెట్ అంటే కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు బిగించే అమ్మాయి. స్పీడు ముల్లు ఇరవై దాటనివ్వదు కాబట్టి రాకెట్. కూడలి దగ్గర అందరికీ దారి ఇస్తుంది. లారీకి ఇస్తుంది, సైకిలుకి ఇస్తుంది. నిన్న పక్కన ఆపి ఉన్న వ్యానుకి కూడా ఇచ్చింది. "అందులో మనిషి లేడమ్మా" అంటే, "వస్తాడేమోనని మేడమ్" అంది.

ఇవాళ క్లాసు మధ్యలో తనంతట తానే ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, వేగం తగ్గించి, బండిని అంచుకి తీసి ఆపింది. చేరిన దగ్గర్నుంచి ఇంత చక్కగా ఆపడం ఇదే మొదలు. మెచ్చుకుందామని నోరు తెరిచేలోపు తలుపు తీసి కక్కేసింది.

"ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు మేడమ్."

"మరి?"

"నాలుగో నెల."

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "అయితే సీటు కొంచెం వెనక్కి జరుపుకో" అన్నాను.

ఫిబ్రవరి 10

అమ్మకి తెలిసిపోయింది.

ఫిబ్రవరి 11

నేను చెప్పలేదు. కాఫీ తాగుతూ, "కడుపుతో ఉన్నవాళ్ళు సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలమ్మా?" అని మాత్రం అడిగాను. వృత్తికి సంబంధించిన ప్రశ్న.

అమ్మ కప్పు కింద పెట్టి, "నీకా?" అంది.

"నాకు నలభై మూడేళ్ళు. మొగుడు లేడు."

"అందుకే అడుగుతున్నా. మరెవరికి?"

అంతే. ఎక్స్‌ఛేంజీలో ఆవిడ కింద పనిచేసినవాళ్ళందరికీ చేతులెత్తి మొక్కాలి. ఇక చేసేది లేక, ఆదివారం రాకెట్‌ని ఇంటికి తీసుకొస్తానని ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 15

వచ్చింది. గుమ్మంలో నిలబడి, "మీరు ముందు పదండి ఆంటీ" అని అమ్మ ఇంట్లోకి అమ్మకే దారి ఇచ్చింది.

కాఫీ చల్లారేలోపు అమ్మ మొత్తం లాగేసింది. తల్లి చిన్నప్పుడే పోయింది. పిన్ని పెంచింది. పిన్ని చెడ్డదేం కాదు. కానీ ఆవిడ పెట్టిన తిండి తింటున్నన్నాళ్ళూ ఈ పిల్ల దేనికీ కాదనలేదట. వాళ్ళ పిల్లలు విడిచిన బట్టలు కట్టుకుంది, వాళ్ళు వద్దన్న కోర్సు చదివింది. "కాదనడం నాకు రాదాంటీ. నోరు తిరగదు" అంది, అదేదో కష్టమైన అక్షరం అన్నట్టు.

"ఆ అబ్బాయికీ కాదనలేకపోయావా?" అంది అమ్మ.

"అబ్బే, అప్పుడు ఇద్దరం అవుననే అన్నాం ఆంటీ. తరవాత కాదన్నది అతనొక్కడే."

అమ్మ ఫక్కున నవ్వింది. రాకెట్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగింది. నేను కిందకెళ్ళి బండి టైర్లలో గాలి చూసుకొచ్చాను. గాలి సరిగానే ఉంది.

నేను తిరిగి వచ్చేసరికి మాట ముందుకెళ్ళింది. బిడ్డని పెంచే దారి తనకి కనబడటం లేదట. దత్తత ఇప్పించే సంస్థతో ఇప్పటికే మాట్లాడిందట. అక్కడ కౌన్సెలర్ ఒకావిడ ఉందట. కావాలంటే తల్లే దంపతుల్ని కలిసి ఎంచుకోవచ్చట.

"మా అమ్మాయిని కూడా నేనలాగే తెచ్చుకున్నాను" అంది అమ్మ, బిస్కెట్ల డబ్బా చూపించినంత తేలిగ్గా నన్ను చూపిస్తూ.

ఇది నాకు కొత్త సంగతి కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మిగతా తల్లులు పుట్టింది తీసుకున్నారు, నేను వెళ్ళి తెచ్చుకున్నాను అని అమ్మ నా స్నేహితులందరి దగ్గరా కోతలు కోసేది. నాకు దీనిమీద పట్టింపు లేదు. ఎప్పుడూ లేదు. కానీ రాకెట్ నన్ను చూసిన చూపు మాత్రం నచ్చలేదు. తన బిడ్డ పెద్దయితే ఎలా ఉంటుందో నాలో చూస్తున్నట్టు చూసింది. అక్కడ కనిపించింది, గాలి కొలిచే మీటరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఒక నడివయసు మనిషి. పాపం, ఎంత బెంగ పెట్టుకుందో.

మార్చి 3

హాస్టల్‌వాళ్ళు రాకెట్‌ని గది ఖాళీ చేయమన్నారు. మా వెనక గదిలో వారం ఉంటుంది. వారమే.

మార్చి 10

ఇంకో వారం.

మార్చి 20

వారాల మాట ఇక ఎత్తకూడదని అమ్మ హెచ్చరించింది.

రాకెట్ ఇప్పుడు నన్ను అక్కా అంటోంది, అమ్మని అమ్మమ్మా అంటోంది. "నేను అక్కనైతే మా అమ్మ నీకు అమ్మమ్మ ఎలా అవుతుంది? లెక్క కుదరదు" అన్నాను. "వరసలు తీరిగ్గా చూసుకుందాం, ముందు గుడ్డు తినండి" అంది అమ్మ.

ఇంట్లో కొత్త శబ్దాలు చేరాయి. రాకెట్ స్నానాల గదిలో పాడుతుంది, శ్రుతి లేకుండా. అమ్మ వాడే పాత కళ్ళజోళ్ళన్నిటికీ రాకెట్టే స్క్రూలు బిగించింది. ముక్కుమీద నుంచి జోడు జారడం మానేసరికి అమ్మకి నా లోపాలన్నీ ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

సాయంత్రం బండి కడుగుతుంటే రాకెట్ వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, మిమ్మల్ని ఇచ్చేసినావిడ మీద కోపం ఉందా?"

"లేదు."

"కోపం ఎప్పుడూ రాలేదా?"

"ఆవిడ గురించి ఎప్పుడూ ఆలోచించనే లేదు" అన్నాను.

మార్చి 21

నిజమే చెప్పాను.

మార్చి 26

నిజమే చెప్పాను, కానీ ఒక చిన్న సంగతి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దాటే మనుషుల్ని చూడటం నాకు అలవాటు. డ్రైవింగ్ నేర్పేవాళ్ళకి పరిశీలన ఉండాలి. నా గడ్డం మధ్యలో వేలితో నొక్కినట్టు ఒక సొట్ట ఉంది. అలాంటి గడ్డం ఉన్న ఆడవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటారా అని చూస్తుంటాను. ఏళ్ళ తరబడి చూస్తున్నాను. ఇందులో ఆలోచన ఏమీ లేదు. ఉత్త పరిశీలన.

ఏప్రిల్ 6

రాకెట్ ఇవాళ మొదటి దంపతుల్ని కలిసింది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి వాళ్ళ వీపులు మాత్రం కనిపించాయి. ఖరీదైన వీపులు.

బండెక్కాక, "ఎలా ఉన్నారు?" అన్నాను.

"మంచివాళ్ళే. పెద్ద ఇల్లట. బిడ్డ తండ్రి ఎత్తెంత అని అడిగారు. చదువులో ఎలా ఉండేవాడు, కళ్ళజోడు ఉందా అని అడిగారు."

"నీ గురించి?"

"నా ఎత్తు కూడా అడిగారు."

"నీకు నచ్చారా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ, "అలాగేనని చెప్పేశానక్కా" అంది.

ఏప్రిల్ 8

రాకెట్ తినడం లేదు. పాడటం లేదు. నిన్న కూడలి దగ్గర ఎంతసేపు ఆగిందంటే, వెనకాలవాడు దిగొచ్చి, బండి చెడిపోయిందా అని అడిగాడు.

అమ్మ బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంది. "వాళ్ళకివ్వడం నీకిష్టమేనా?"

"మంచివాళ్ళే అమ్మమ్మా."

"వాళ్ళ సంగతి కాదు."

తల అడ్డంగా ఊపింది. "మరి ఆ మాట కౌన్సెలర్‌తో చెప్పు" అంటే, "ఎలా? అలాగేనని నేనే అన్నానుగా. ఎంత ఆశపడి ఉంటారు" అంది.

"అన్నమాట వెనక్కి తీసుకోవచ్చు. రివర్స్ గేరు ఎందుకిచ్చారు మరి?" అన్నాను. నేనన్నవాటిలో బాగున్న మాటలు చాలా తక్కువ, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 9

ఇవాళ ఇంట్లో కొత్త క్లాసు మొదలైంది. సబ్జెక్టు: వద్దు. టీచరు: అమ్మ.

"బిస్కెట్ కావాలా?"

"వద్దు... ఒకటి చాలు."

"తప్పు. మళ్ళీ. బిస్కెట్ కావాలా?"

"వద్దండీ, థాంక్సండీ, ఏమనుకోకండీ."

"అంత పొడుగెందుకే? మధ్యలో ఎదుటివాడు బిస్కెట్ నోట్లో పెట్టేస్తాడు. ఒక్క ముక్క."

నేను చీపుర్లు అమ్మేవాణ్ణయ్యాను, షాపు యజమానినయ్యాను, పిన్నినయ్యాను. పిన్ని వేషంలో నేను బాగా రక్తి కట్టించాను. "వదిన కొడుకు పెళ్ళికి నీ ఒక్క మంచి చీరా ఇచ్చెయ్యవే" అన్నాను ముక్కుతో. రాకెట్ పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వు ఆగాక, మెల్లగా అంది: "ఇవ్వను."

అమ్మ తనే ఓ బిస్కెట్ తినేసింది.

ఏప్రిల్ 11

ఫోన్ చేసింది. మేమిద్దరం చెరోవైపు కూర్చున్నాం. "కాదండీ. వాళ్ళు వద్దండీ. కారణం ఏంటంటే... కారణం లేదండీ, నాకు వద్దు." కౌన్సెలర్ అవతలనుంచి ఏమందో కానీ, రాకెట్ ముఖం విచ్చుకుంది. "తిట్టలేదక్కా! మంచిదమ్మా, చెప్పినందుకు థాంక్స్ అంది!" అంటూ గదంతా తిరిగింది.

సాయంత్రం క్లాసులో లారీకి దారి ఇవ్వలేదు. లారీవాడు తల బయటపెట్టి ఏదో అన్నాడు. రాకెట్ హారన్ కొట్టింది. నేను బ్రేకు మీద కాలు పెట్టి గర్వపడ్డాను.

ఏప్రిల్ 19

వెనక గదికి కొలతలు తీసుకున్నాను. అల్మరా చేయిద్దామని.

ఏప్రిల్ 22

అల్మరా సంగతి అమ్మ కనిపెట్టింది. "అల్మరా అయితే కిటికీ పక్కన గాలి తగిలే చోటెందుకే? దానికి దోమతెర కూడా అడిగావటగా వడ్రంగిని?"

"దోమలు బట్టల్లోకి దూరుతున్నాయి."

అమ్మ కిటికీ తీసి, గాలి తగులుతుందో లేదో చూసింది.

మే 2

ఇవాళ రాకెట్ నా చెయ్యి తీసి తన పొట్టమీద పెట్టుకుంది. లోపలినుంచి ఓ తాపు. గట్టిగా. "క్లచ్చు నొక్కుతోందక్కా" అంది.

చిన్నపిల్లలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. పెళ్ళి ఒకటయ్యింది, అది క్లచ్చు సరిగా వదలక మొదటి మలుపులోనే ఆగిపోయింది. పిల్లల ఆలోచన దానితోనే దిగిపోయింది. హాయిగా ఉన్నాను. సెలవురోజు పొద్దెక్కేదాకా పడుకుంటాను.

చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.

మే 5

అడుగుతాను. ఎందుకు అడగకూడదు? వాళ్ళెవరికో ఇచ్చే బదులు నాకివ్వొచ్చుగా. నన్ను చూస్తూనే ఉంది. నేను ఎత్తు అడగలేదు, చదువు అడగలేదు. బిడ్డని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. ఇల్లుంది, పనుంది, బండి ఉంది, అమ్మ ఉంది. రేపు పొద్దున అడుగుతాను. మామూలుగా. సీటు బెల్టు పెట్టుకో అన్నట్టుగా.

మే 6

అడగలేదు. పొద్దున్నే వంటింట్లో అమ్మ దారికడ్డంగా నిలబడింది. ఆవిడకి నేను చెప్పలేదు. లైన్లన్నీ ఆవిడవే కదా.

"అడగబోతున్నావు కదూ?"

"అడిగితే తప్పా?"

"అడగకు." అమ్మ గొంతులో వేళాకోళం లేదు. "ఆ పిల్ల మనింట్లో తింటోంది, మనింట్లో పడుకుంటోంది. ఊళ్ళో అందరికీ వద్దని చెప్పడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంది. మనకి మాత్రం చెప్పలేదు. నువ్వడిగితే ఇచ్చేస్తుంది. ఇవ్వాలని ఉండి ఇస్తోందో, మన తిండికి ఇస్తోందో నీకు ఎప్పటికీ తెలీదు."

"నీకెలా తెలుసు?"

అమ్మ స్టవ్ ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నలభై మూడేళ్ళలో నేను వినని మాటలు, మసిలిన కాఫీ చల్లారేంతలో చెప్పింది. మర్చిపోకముందే రాసుకుంటున్నాను.

"నిన్ను తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజు ఆ గదినిండా మనుషులే. ఆ పిల్ల ఓ మూల కూర్చుంది, ఈ పిల్ల కంటే చిన్నది. ఏది అడిగినా వాళ్ళ పెద్దాయనే చెబుతున్నాడు. పిల్లకి ఇష్టమే, పిల్లకి ఇష్టమే అని. నా ఉద్యోగం తెలుసుగా, లైన్లో ఎవరి గొంతు వినాలో వాళ్ళదే వినాలి. అందర్నీ బయటికి పొమ్మన్నాను. మీ నాన్నని కూడా. నీకు ఇవ్వాలని లేకపోతే చెప్పమ్మా, నాకే మనసు మారిందని చెప్పి వెళ్ళిపోతాను, మాట నీ మీదికి రాదు అన్నాను."

"వద్దంటే?"

"ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. మర్నాడు డ్యూటీకి వెళ్ళేదాన్ని."

"ఏమంది?"

"మీ ఇంట్లో నవ్వుతారా అని అడిగింది. నాకు భయం వేస్తే నవ్వొస్తుంది కదా. వచ్చింది. ఆపుదామంటే ఆగదే! నన్ను చూసి ఆ పిల్లకీ వచ్చింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుతుంటే, లేచి, నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తనే. ఎవరూ చెప్పకుండా."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడగలేదుగా. పట్టింపు లేదన్నావు."

నేను చాలాసేపు గిన్నెలు తుడిచాను. అవి శుభ్రంగానే ఉన్నాయి. అప్పుడు అడిగాను. "గడ్డం మీద సొట్ట ఉందా?"

"ఇంత లోతు. నవ్వితే ఇంకా దిగేది" అంది అమ్మ, వేలితో తన గడ్డం నొక్కి చూపిస్తూ.

మే 7

కోపం ఉందా అని ఇప్పుడడిగితే వేరే జవాబు చెబుతాను. ఉండేది. అమ్మ అందర్నీ బయటికి పంపించేదాకా నన్నిచ్చేసినావిణ్ణి ఎవరూ అడగలేదని తెలీక ఉండేది.

వడ్రంగికి వద్దని చెప్పాను. ఒక్క ముక్కలో.

జూన్ 1

ఇవాళ బేకరీ నడిపే దంపతులు. రాకెట్ లోపలికి వెళ్ళిన కాసేపటికే తలుపు వెనకనుంచి వాదన వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. తరవాత నవ్వులు వినిపించాయి. కూర్చున్నాను.

దారిపొడుగునా రాకెట్ ఆపకుండా చెప్పింది. వాళ్ళొక కేకు తెచ్చారట. ఆయన అడుగు మాడిందంటాడట, ఆవిడ మాడలేదంటుందట. నువ్వే చెప్పమ్మా అని ఈమె నోట్లో పెట్టారట.

"మాడిందా?"

"మాడిందక్కా. మాడిందనే చెప్పాను!"

ఎత్తు అడగలేదట. నీకు ఏం తింటే ఉబ్బరం లేకుండా ఉంటోంది అని ఆవిడ అడిగిందట. బిడ్డ ఎప్పుడైనా నీ గురించి అడిగితే ఏం చెప్పమంటావు అని ఆయన అడిగాడట. అదడుగుతూ ఎప్రన్ అంచు నలుపుతూ కూర్చున్నాడట, ఇంటిదగ్గర విప్పడం మర్చిపోయి వచ్చేశాడట.

"ఏం చెప్పమన్నావు?"

"ఇంకా ఆలోచించుకుంటానన్నాను. కానీ వాళ్ళకే ఇస్తానక్కా." నా వైపు తిరిగి, కొంచెం ఆగి, "ఏమంటారు?" అంది.

నా నోట్లో ఒక మాట ఉంది. దాన్ని అక్కడే ఉంచి, "ఎదర చూసి నడుపు" అన్నాను.

జూన్ 2

మంచివాళ్ళే. నాకేం లేదు.

జూన్ 3

నిజంగా మంచివాళ్ళు.

జూలై 14

పొద్దున టిఫిన్ల వేళకి నొప్పులు మొదలయ్యాయి. అమ్మ సంచి అందుకుంది. రాకెట్ స్టీరింగ్ వైపు నడిచింది. "నేను నడుపుతానక్కా, నాకు ధైర్యంగా ఉంటుంది." ఇద్దరం ఒకేసారి "వద్దు" అన్నాం. ఆ ముక్క మా ఇంట్లో అందరికీ బాగా వంటబట్టింది.

నేను నడిపాను. నడిపానంటే, ముందు ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆగిపోయింది. ఇరవయ్యేళ్ళుగా జనానికి నేర్పుతున్నాను. వెనక సీట్లోంచి, నొప్పి మధ్యలో, రాకెట్ నా గొంతుతోనే అంది: "క్లచ్చు మెల్లగా వదలమ్మా, మెల్లగా. ఎవరూ తరమడం లేదు." బండిమీద ఎల్ బోర్డు చూసి దారిలో అందరూ మాకు దారి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి ఆ బోర్డుకి తగ్గట్టు నడిపాను.

ఆస్పత్రిలో నర్సు అడ్డుపడింది. "మీరేమవుతారు?"

"డ్రైవింగ్ టీచర్ని."

"లోపలికి సొంతవాళ్ళే రావాలి."

లోపలినుంచి కేక వినిపించింది. "మా అమ్మే! రానివ్వండి!"

నర్సు నన్ను కిందనుంచి పైదాకా చూసి పక్కకి జరిగింది.

ఆడపిల్ల. జుట్టు నిండుగా ఉంది. పుట్టగానే ఆవలించింది, ఇక్కడికి రావడం తన ఆలోచన కాదన్నట్టు.

జూలై 15

సొంతవాళ్ళని తప్ప రానివ్వరు కాబట్టి అలా అంది. అంతే.

జూలై 16

అంతే.

జూలై 19

కౌన్సెలర్ వచ్చి, మనసు మార్చుకోవడానికి టైముందని, ఎవరూ తొందరపెట్టరని, ఉంచుకుంటానన్నా తామే సాయం చేస్తామని చెప్పింది. రాకెట్ పాపని ఒళ్ళో పెట్టుకుని అంతా విని, "ఒంటరిగా చెప్పాలి మీతో" అంది. నేనూ అమ్మా చెప్పకముందే లేచాం. వరండాలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి నవ్వు వస్తోంది, భయానికి.

బయటికొచ్చి కౌన్సెలర్ చెప్పింది. ఇవ్వడమే. కానీ ముందు కొన్నాళ్ళు తన దగ్గరే ఉంచుకుని, అప్పుడు ఇస్తానందట.

ఆగస్టు 4

ఇవాళే.

ఆగస్టు 5

నిన్న రాయలేకపోయాను.

పొద్దున రాకెట్ తలంటుకుంది, పసుపుపచ్చ చొక్కా ఇస్త్రీ చేసుకుంది. పాపకి తనే స్నానం చేయించింది. చేయిస్తూ చాలా విషయాలు చెప్పింది. కూడలి దగ్గర మరీ ఎక్కువసేపు ఆగకూడదని, కేకు మాడితే మాడిందని చెప్పాలని. పాప శ్రద్ధగా విన్నది.

బేకరీ ఆయన ఈసారి ఎప్రన్ లేకుండా వచ్చాడు, కానీ మోచేతిమీద పిండి ఉంది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. ఎవరూ చెయ్యి చాపలేదు. రాకెట్ లేచింది. నడిచి వెళ్ళి, ఆవిడ చేతుల్లో పాపని పెట్టి, తల కింద చెయ్యి ఎలా ఉండాలో సరిచేసి, ఓ అడుగు వెనక్కి వేసింది.

"నా గురించి అడిగితే ఏం చెప్పాలన్నారు కదా? నన్నెవరూ బలవంతపెట్టలేదని చెప్పండి. నాకు ఇష్టమైనవాళ్ళకే ఇచ్చానని చెప్పండి."

బేకరీ ఆయన గోడవైపు తిరిగి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ముఖమంతా పిండి అయింది. అది చూసి వాళ్ళావిడ ఏడుస్తూనే నవ్వింది.

నేను రాకెట్‌నే చూస్తున్నాను. ఇన్నేళ్ళు సిగ్నళ్ళ దగ్గర వెతికాను, ఎక్కడా కనబడలేదు. నన్నిచ్చి ఆ అడుగు వెనక్కి వేసిన మనిషి ఎలా ఉండి ఉంటుందో నిన్న చూశాను.

బండిలో వెనక సీట్లో రాకెట్ అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. ఎవరికి దారి ఇచ్చానో, ఎవరికి ఇవ్వలేదో నాకు తెలీదు.

ఆగస్టు 9

రాకెట్‌కి పాలొస్తున్నాయి, ఆగడం లేదు. డాక్టర్ మాత్రలిచ్చింది. చొక్కాలన్నీ తడుస్తున్నాయి. "నాకు ఇది ఎవరూ చెప్పలేదు" అంటూ కోపంగా ఉతుక్కుంటోంది. మధ్యమధ్య సబ్బు పక్కన పెట్టి ఏడుస్తుంది. మేము ఓదార్చం. అమ్మ ఆరేస్తుంది, నేను పిండుతాను.

ఆగస్టు 20

ఇవాళ రాకెట్ గుడ్డు అడిగి మరీ తిన్నది. అడిగి.

ఆగస్టు 27

బేకరీ ఆవిడ ఫోన్ చేసింది. పాప బరువు పెరిగిందట. ఆవలింతలు మానలేదట. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రమ్మంది. "ఇప్పుడే కాదు, రావాలనిపించినప్పుడు నేనే చెబుతాను" అంది రాకెట్. పెట్టేశాక కాసేపు ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తరవాత, నా వైపు చూడకుండా అంది. "మీరడుగుతారని ఎదురుచూశానక్కా."

"ఏమని?"

"పాపని. అల్మరా సంగతి నాకు తెలుసు. దోమతెర సంగతి కూడా. వడ్రంగి మా షాపులోనే కళ్ళజోడు చేయించుకున్నాడు. మీరడిగితే ఇచ్చేసేదాన్ని. అడగలేదని చాలా కోపమొచ్చింది. నా బిడ్డ మీకు నచ్చలేదేమో అనుకున్నాను."

దాచడం నాకు చేతకాలేదు. మే నెలలో వంటింట్లో జరిగిందంతా చెప్పేశాను. మాకు నువ్వు కాదనలేవు కాబట్టి అడగలేదన్నాను. అడగాలని మాత్రం ఉండేదన్నాను.

ఫోన్‌ని బల్లమీద పెట్టింది. "ఇచ్చేసి ఉంటే ఈ ఇంటికి మళ్ళీ రాలేకపోయేదాన్నక్కా" అంది. "పాప నా ఎదురుగా మిమ్మల్ని అమ్మా అంటుంటే, ఈ బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగడం నావల్ల అయ్యేది కాదు. అప్పుడు నాకు పాపా ఉండదు, మీరూ ఉండరు."

సెప్టెంబర్ 6

రాకెట్ ఎల్లుండినుంచి మళ్ళీ షాపుకి వెళ్తుంది. హాస్టల్లో మంచం ఖాళీ అయిందట. సర్దుకుంటోంది. మంచిదే. తన బతుకు తను చూసుకోవాలి. నాకేం లేదు.

సెప్టెంబర్ 7

వంటింట్లో అమ్మ గరిటె పక్కన పెట్టి, "ఇప్పుడు అడగొచ్చు" అంది.

"ఏం అడగాలి?"

"నాకు చెబుతావేం, అక్కడికెళ్ళి చెప్పు."

వెనక గదికి వెళ్ళాను. రాకెట్ మంచంమీద సంచి పెట్టుకుని బట్టలు కుక్కుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి, ఎండ బాగుందని, దుప్పటి ఉతకాలని, హాస్టల్ షాపుకి దూరమని, ఏదేదో అన్నాను. బండి స్టార్ట్ అవుతోంది, ఆగిపోతోంది. చివరికి గేరు పడింది.

"నువ్వు ఇక్కడే ఉండిపోరాదూ? వారం కాదు. ఇక్కడే. మా పిల్లలాగా."

రాకెట్ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"ఉండను" అంది.

స్పష్టంగా, ఒక్క ముక్కలో, అమ్మ నేర్పినట్టే. నేను మంచం అంచున కూర్చున్నాను. సరేనన్నాను. అన్నాననే అనుకుంటాను.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏమందే?"

"ఉండనందమ్మా" అన్నాను.

"భేష్!" అంది అమ్మ.

మా తల్లీకూతుళ్ళలో ఎవరికి మతి పోయిందో అర్థం కాక తలెత్తాను. రాకెట్ పెదవులు బిగపట్టుకుని నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు, పైన నవ్వు.

"మీక్కూడా కాదని అనగలనో లేదో చూశానక్కా. అనగలిగాను."

సంచిని రెండు చేతులా ఎత్తి మంచంమీద బోర్లించింది. బట్టలు, దువ్వెన, పసుపుపచ్చ చొక్కా, అన్నీ నా ఒళ్ళోకి దొర్లాయి.

"ఇప్పుడు ఇంకోసారి అడగండి" అంది.

అడిగాను.